బూడిద పారబోసిన కుండ

మొన్న మా కోడలు బజారు నుంచి చిక్కుడు గింజల పొట్లం తెచ్చింది. గులాబీ రంగు మందు పట్టించిన గింజలు. "వీటికి పురుగు పట్టదంట అత్తమ్మా" అంటూ నా చేతిలో పోసింది. గింజలు బాగానే ఉన్నాయి. నాకే మా మేనత్త గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది.

మేనత్త అంటే మా నాయిన అక్క. డెబ్బైల్లో ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి ఆదోనిలో మా ఇంటికి వచ్చేది. కాళ్ళు కూడా కడుక్కోకుండా ఇల్లంతా సోదా చేసేది. పప్పు డబ్బాల మూతలు తీసేది, దుప్పట్ల మడతలు విప్పేది. ఆమె ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో నిమ్మళంగా బతికింది బల్లులు మాత్రమే. ఆమె కన్నంతా అటక మీది కుండ మీదే. అందులో అమ్మ పుట్టింటి చిక్కుడు గింజలుండేవి. హొళగుందలో మా అవ్వ పెరట్లో కాసే, అంచు ఊదాగా ఉండే చిక్కుడు. అమ్మ వాటిని బాగా ఎండబెట్టి, పురుగు పట్టకుండా జల్లించిన పిడకల బూడిద ఒక వరస, గింజలు ఒక వరస పోసి, పైన ఎండు వేపాకు పరిచి, మూతికి గుడ్డ కట్టి పేడతో మెత్తేది. తొలకరి దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

ఒక ఎండాకాలం అవ్వ చనిపోయింది. అమ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని హొళగుందకు పోయింది. నాయినకు వండిపెట్టడానికి మేనత్త వచ్చింది. అక్కడ మామలు అవ్వ పెరడు అమ్మేశారు, కొన్నవాడు పందిరి పీకేశాడు. ఇక ఆ చిక్కుడు మిగిలింది మా అటక మీదే. వాన పడగానే అమ్మ కుండ దించి పేడ పగలగొట్టింది. లోపల చిటికెడు బూడిద లేదు. ప్రతి గింజకూ చిల్లే, పుచ్చు పురుగులు అమ్మ చేతి మీదికి పాకాయి. చేటలో పోసుకుని సాయంత్రం దాకా ఏరింది. మంచి గింజ దొరకలేదు. అయినా అన్నీ నాటింది. ఒక్కటీ మొలవలేదు.

మేనత్త మళ్ళీ వచ్చినప్పుడు నాయిన అడిగితే ఏమీ దాచలేదు. "నీ పెండ్లాము దాంట్లో బంగారు దాచిందేమో అనుకొంటినిరా. బూడిద పారబోసి సూస్తే అన్నీ గింజలే. మళ్ళా కుండలో పోసి మెత్తిపెడితిని గదా!" అని అమ్మ వైపు తిరిగి, "ఇత్తనాలకు ఇంత ఏడుస్తారా? సంతలో యాడ సూసినా చిక్కుడే" అంది.

"అది మా అమ్మ ఇత్తనం వదినా. ఇంగ యాడా లేదు" అంది అమ్మ.

ఆ తర్వాత కూడా అమ్మ ఆమెకు వేళకు అన్నం పెట్టింది, మంచాన పడితే సేవ చేసింది. వదినా అని మాత్రం మళ్ళీ పిలవలేదు. ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. కాలం గడిస్తే కోపాలు చల్లారతాయంటారు. నాది చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. అమ్మ కోపాన్ని కాపాడుకోవడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.