మూడో రోజు మోగిన గాజులు

ఇందులో ప్రతి అక్షరం నిజం. చార్మినార్ దగ్గరున్న మా గాజుల దుకాణం మీద ఒట్టు. దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. సగం బస్తీకి దయ్యాల కథలు చెప్పి జడిపించింది నేనే, వాటి సంగతి నాకు తెలియదా?

మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. దుకాణంలో ఆమెకో అలవాటు ఉండేది. కడుపుతో ఉన్నవాళ్లకు గాజులు తొడిగాక, తన పచ్చగాజులు రెండు తీసి వాళ్ల కడుపు దగ్గర గలగలలాడించేది. "ఆగు బిడ్డా, జల్ది చేయకు" అని లోపలున్న బిడ్డకు చెప్పేది.

మొన్న వానాకాలంలో మా అమ్మాయి సుజాతకు ఎనిమిదో నెల పడగానే నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో ముందు ఆమె చేతి గాజులు తీయించారు. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

"బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలె. తల్లికి ఇప్పుడొక ఇంజెక్షన్, రేపు ఇదే టైముకు ఇంకోటి ఇస్తం. ఆ మందు బిడ్డదాకా పోయి పని చేయాలె. ఎల్లుండి దాకా కాన్పు ఆగితే మస్తు మేలు."

పదకొండింటికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పులు ఆగడానికి వేరే మందు కూడా ఎక్కించారు. అయినా మధ్యాహ్నం మళ్లీ నొప్పి వచ్చింది. అప్పుడే మంచం చుట్టూ కట్టిన తెర దగ్గర గాజులు గలగలమన్నాయి.

"బాపూ, బాపమ్మ వచ్చింది!" అంది సుజాత లోపలినుంచి.

"వస్తే రానీ. ఇగ నీకేం ఫికర్?" అన్నాను తెర బయటినుంచే.

నొప్పి మెల్లగా తగ్గింది. మర్నాడు రెండో ఇంజెక్షన్ ఇచ్చాక కూడా సాయంత్రం దాకా అదే వరస. నొప్పి రావడం, గాజులు మోగడం, నొప్పి సద్దుమణగడం.

మూడో రోజు మధ్యాహ్నం కాన్పయింది. తలుపు బయటే నేను నిలబడ్డాను. పిడికెడంత ఆడపిల్ల, ఏడుపు చూస్తే పత్తర్‌గట్టి బజారు దాకా వినిపించేలా ఉంది!

"తనంతట తనే ఊపిరి తీసుకుంటుంది. ఇంజెక్షన్లు పని చేసినై" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

సరిగ్గా అప్పుడే నా వెనక గాజులు మోగాయి. తిరిగి చూస్తే ఖాళీ గోడ.

ఇక నేను కల్పించింది ఒప్పుకోవాలి. మొదటి రెండు రోజులు మోగినవి మా అమ్మ గాజులే. మోగించింది మాత్రం నేను, జేబులో చెయ్యి పెట్టి. రెండో రోజు సాయంత్రం నర్సు పట్టేసింది.

"ఏందన్నా, మేం గాజులు తీయిస్తే నువ్వు జేబుల ఏసుకొచ్చి లొల్లి చేస్తున్నవా?"

అప్పుడే వాటిని మా ఆవిడతో ఇంటికి పంపేశాను. మూడో రోజు నా జేబు ఖాళీ. గాజులు హుస్సేనీ ఆలంలో, మా ఇంటి బీరువాలో, తాళం వేసి ఉన్నాయి.

మరి ఆ మూడో రోజు మోగినవి ఎవరివో నాకు నేటికీ అంతుపట్టలేదు. మొదటి రెండు రోజుల గలగలను మా ఇంట్లో అందరూ నమ్మారు. ఇదొక్కటే ఎవరూ నమ్మడం లేదు.