సోమయ్య కుక్కల అర్జీ

ఆ ప్రయాణానికి నేను కిలో లడ్డూలు కొనుక్కుని మరీ బయలుదేరాను. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే నా తెలివి ఏపాటిదో చదివేవాళ్ళకి తెలిసిపోతుంది.

నేను ఖమ్మంలో హైస్కూలు తెలుగు పంతుల్ని. జనాభా లెక్కల డ్యూటీ మీద పాల్వంచ అవతలి అడవి పల్లెల్లో తిరిగినప్పుడు సోమయ్య అనే కోయ రైతు పరిచయమయ్యాడు. ఊరి పేరు రాయను. సోమయ్య అన్నది కూడా అసలు పేరు కాదు. పేర్లు రాస్తే ఏమవుతుందో ఈ ప్రయాణంలోనే నేర్చుకున్నాను. ఆయనకి ఎర్రోడు, కర్రి అని రెండు కుక్కలుండేవి. చేలో అడవి పందులు పడకుండా చూసేవీ, మేకల వెంట వెళ్ళేవీ అవే. భూమి పండుగకి, విత్తనాలు చల్లే ముందు, మగవాళ్ళు ఆనవాయితీగా వేటకి పోతే ముందు నడిచేవి కూడా అవే.

కుక్కలు జింకల్ని తరుముతున్నాయి గనక ఊళ్ళో ఒక్కటీ ఉండకూడదని ఫారెస్టు వాళ్ళు చెబుతున్నారని విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. అడవి పల్లెలో కుక్కని తీసేస్తే మనిషికి ఒక చెయ్యి తీసేసినట్టే. నేనే అర్జీ రాశాను. ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించి జిల్లా ఆఫీసుకి పంపాను. మా స్టాఫ్ రూములో ‘కుక్కల పంతులు’ అని పేరు పెట్టారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

ఆరు నెలలకి జవాబు వచ్చింది: “మీ అర్జీపై తగు చర్య తీసుకొనబడినది.” అదే వారం, ఆ ఊరి మీదుగా తిరిగే కొత్తగూడెం డిపో కండక్టరు మా బడికి ఫోన్ చేశాడు. “సోమయ్య నిన్ను సోమవారం తప్పకుంట రమ్మన్నడు సారూ” అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. సెల్‌ఫోన్లు ఖమ్మంలో మోగుతూ పాల్వంచ దాటితే మూగబోయే రోజులవి. మళ్ళీ అడిగే దారి లేదు. రెండు ముక్కలూ కలిపి చూసుకుని గెలిచేశామనుకున్నాను. ఊరంతా కలిసి నాకు కోడిని కోస్తారని కూడా అనుకున్నాను.

సోమవారం పొద్దున 5.40కి ఖమ్మంలో ఇల్లందు మీదుగా వెళ్ళే పల్లెవెలుగు ఎక్కాను. కొత్తగూడేనికి టికెట్టు ముప్ఫై ఆరు రూపాయలు. బయట వాన, నా పక్క కిటికీ అద్దం సగమే పైకి లేస్తుంది. కారేపల్లి క్రాస్ దగ్గర ఒకాయన మేకపిల్లని చంకలో పెట్టుకుని ఎక్కి నా పక్కన కూలబడ్డాడు. ఎక్కడికని అడిగితే సంగతంతా చెప్పాను, కాస్త గొప్పగానే.

“కుక్కల కోసం అర్జీనా!” అని నోరు తెరిచాడు. “మనుషుల అర్జీలకే దిక్కు లేదు. నీ రాత మంచిగున్నట్టుంది సారూ.”

ఆ మెప్పుకి పొంగిపోయి మేకపిల్లకి ఒక లడ్డూ కూడా పెట్టాను.

8.35కి కొత్తగూడెం. బస్టాండు ఎదుట పూరీ, టీ కలిపి పన్నెండు రూపాయలు. పూరీ బాగుంది, కూర మాత్రం నిన్నటిది. కుక్కల కోసం నాలుగు బన్నులు కొన్నాను. 9.15కి అడవి వైపు వెళ్ళే బస్సు దొరికింది. ఆ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు ఇది తప్పిపోతే మధ్యాహ్నం దాకా కూర్చోవాల్సిందే. రోడ్డు సగం గుంటలే. 10.50కి నన్ను దించేసింది. అక్కణ్ణించి అరగంట నడక. చెప్పులు చేతపట్టుకుని బురదలో పోయాను.

ఊరి ముందు వాగు దాటాను. ఇదివరకు వాగు దాటితే చాలు, పది కుక్కలు మీదికి వచ్చేవి. కర్రి నా ప్యాంటు వాసన చూసి, సరేలే పో అన్నట్టు పక్కకి తప్పుకునేది. ఈసారి ఒక్క మొరుగూ లేదు. రెండు కోళ్ళు మాత్రం దారికి అడ్డంగా పోయాయి. పట్టపగలు, ఇళ్ళల్లో మనుషులున్నారు, పొయ్యిల పొగ కనిపిస్తోంది. అయినా నాకు భయమేసింది.

సోమయ్య భార్య కన్నమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. “వచ్చినవా సారూ! జల్దీ నడువు, ఆయన తయారైండు” అంది. కూర్చోమని కూడా అనలేదు. సోమయ్య ఉతికిన చొక్కా వేసుకుని బయటికి వచ్చాడు. గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. వానకి జలుబు చేసిందనుకుని లడ్డూల పొట్లం చాపాను.

“కుక్కలేవి సోమయ్యా?”

“లెవ్వు సారూ. గోదారి అవతల మా చెల్లె ఊరికి తోలిన.”

“మరి మిగతావాళ్ళవి?”

“ఎవల్లయి వాళ్ళు ఎటో అటు తోలిన్రు. ఊర్ల ఒక్కటి లేదు.”

ఎందుకని అడిగాను. కన్నమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కోపం కాదది, ఇంత చదువుకున్నవాడికి ఈమాత్రం తెలియదా అన్నట్టు ఉంది. “నీ కాయితం పట్టుకునే ఫారెస్టోళ్ళు వచ్చిన్రు సారూ” అంది. “అండ్ల ఉన్న పేర్లన్ని సదివిన్రు. ఈయన పేరు ముందుగాల సదివిన్రు. వేట కేసు అన్నరు. ఇయ్యాల మూడు గంటల లోపట రాసిన సారును తోలుకొని ఆఫీసుకు రావాలంట. లేకుంటే జైలుకు తోలుతమన్నరు.”

తగు చర్య తీసుకున్నారంటే ఇదా! సన్మానానికి వచ్చినవాణ్ణి, నా చేతిలో లడ్డూలు, సంచిలో బన్నులు. సిగ్గుతో చచ్చిపోయాను.

మెయిన్ రోడ్డు మీదికి నడిచి, మండల కేంద్రానికి వెళ్ళే జీపెక్కాం. తలకి అయిదు రూపాయలు. పదిమంది పట్టే జీపులో పందొమ్మిది మందిమి. సోమయ్య వెనక కడ్డీ పట్టుకుని వేలాడాడు. కన్నమ్మ, ఆమె వెంట వచ్చిన పక్కింటి ముసలమ్మ, నేను లోపల ఇరుక్కున్నాం. దారి పొడుగునా నా బుర్రలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది: కుక్కల్ని ఉండనివ్వమని రాస్తే వేట కేసు ఎలా అయింది?

1.20కి రేంజి ఆఫీసు చేరాం. ఆఫీసరు భోజనానికి వెళ్ళాడు. 2.15కి వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు. ఫైలులోంచి నా అర్జీ తీశాడు. ఒక పేరా కింద ఎర్ర గీత ఉంది. దాన్ని గట్టిగా చదివాడు:

“ఈ శునకరాజములు గత భూమి పండుగనాడు రెండు దుప్పులను, నాలుగు వరాహములను నేలగూల్చి, తమ యజమానియగు సోమయ్య పరాక్రమమును నలుదిక్కుల చాటినవి.”

ఆ వాక్యం నాదే. రాసిన రోజు రెండుసార్లు చదువుకుని మురిసిపోయిన వాక్యం.

సోమయ్యకి ఆ భాష అర్థం కాలేదు. “ఏమన్నడు సారూ?” అని ఆఫీసరునే అడిగాడు.

“పోయిన పండుగకు నువ్వు రెండు దుప్పుల్ని కొట్టావంట.”

“నేనా?” సోమయ్య నా వైపు తిరిగాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. “ఎప్పుడు సారూ?”

అసలు జరిగింది ఇది. వేటలో ఏం దొరుకుతుందని అర్జీ రాసేటప్పుడే నేనతన్ని అడిగాను. “ఇప్పుడేం దొర్కుతయి, ఆనవాయితికి పోయొస్తం” అన్నాడు. ఏమీ కొట్టని వేటకుక్క గురించి రాస్తే అర్జీ మరీ బోసిగా ఉంటుందని నాకనిపించింది. రాజుని పొగిడితే లేని ఏనుగుల్ని కూడా ఎక్కించే చదువు కదా నాది. దుప్పుల్ని ఎక్కించాను. మంచిగా రాశానయ్యా, వేలు పెట్టు అన్నాను. చదివి వినిపించలేదు. అతనూ అడగలేదు, నమ్మాడు. దుప్పిని చంపడం ఎంత నేరమో నా బుర్రకి తట్టనే లేదు.

“ఇందులో ఉన్నది నిజమేనా పంతులుగారూ?” అన్నాడు ఆఫీసరు.

నేను నీళ్ళు నమిలేలోగా గుమ్మంలోంచి కన్నమ్మ లోపలికి వచ్చేసింది. “దుప్పులా! ఉడుత గూడ తేలే సారూ ఈయన! ఉట్టి చేతుల్తోని వస్తే మా ఆడోళ్ళం పేడనీళ్ళు చల్లుతం. మూడేండ్ల సంది ఈయన మీద నేనే చల్లుతున్న. కావాల్నంటే ఈ అవ్వను అడుగు.”

“అవ్ బిడ్డా, నేను గూడ చల్లిన” అంది ముసలమ్మ. “రెండు కుండలు.”

గదిలో గార్డులు పగలబడి నవ్వారు. ఆఫీసరూ నవ్వాడు. సోమయ్య తల వంచుకున్నాడు. తన వేట చేతకానితనం ఆఫీసు మొత్తానికి చాటితేగానీ మనిషి జైలు తప్పించుకోలేని పరిస్థితి తెచ్చింది నేను.

“నోటిమాట చాలదు, రాసివ్వండి” అన్నాడు ఆఫీసరు. కాగితం తీసుకుని రాశాను: ‘నా అర్జీయందు కించిత్తు అత్యుక్తి దొర్లినది.’

“అత్యుక్తి అంటే?”

“ఉన్నదానికన్నా... కొంచెం ఎక్కువ చేసి...”

“ఒక్క దుప్పయినా ఉందా?”

“లేదు.”

“అయితే అబద్ధం అని రాయండి.”

ఇరవై రెండేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, ఆ మూడక్షరాలు రాసేముందు కలం మూత పెట్టి మళ్ళీ తీశాను. ‘సోమయ్య ఏ జంతువునూ చంపలేదు. నేను రాసింది అబద్ధం’ అని రాసి సంతకం పెట్టాను. ఈసారి బయటికి చదివాను కూడా. సోమయ్య చివరిదాకా విన్నాడు. గార్డు సిరా డబ్బా అతని ముందుకి జరిపాడు.

సోమయ్య చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. “ఏలు పెట్ట సారూ. నోటితోని ఎన్నిసార్లన్న చెప్త. ఈ సారు రాసిన కాయితం మీద మాత్రం పెట్ట.”

చెంప ఛెళ్ళుమనిపించినా అంత దెబ్బ తగిలేది కాదు. ఆఫీసరు అతని మొహం చూసి, నా మొహం చూసి, నా సంతకం ఒక్కటీ చాలన్నాడు. కేసు లేదు, పొమ్మన్నాడు. లేచి నిలబడ్డాక నేను కుక్కల మాట ఎత్తాను.

“వేటే లేదని మీరే రాశారు” అన్నాడు. “ఇక వేటకుక్కలెందుకు? అడవిలో కనపడకూడదు.”

చేను కాపలా అన్నాను, మేకలన్నాను. అవి అర్జీలో ఎక్కడున్నాయని అడిగాడు. ఉన్నాయి, ఆఖరి పేజీలో, ఒక్క ముక్కలో. దుప్పుల వర్ణనకే నేను మూడు పేజీలు ఖర్చు పెట్టాను. మళ్ళీ అర్జీ పెట్టుకోండి, చూద్దాం అని ఫైలు మూసేశాడు.

3.30కి బయటికి వచ్చి బస్సు కోసం టీకొట్టు దగ్గర నిలబడ్డాం. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు, నాలుగు టీలకీ సోమయ్యే ఇచ్చాడు. తిట్టినా బాగుండేది. ఏదో ఒకటి మాట్లాడాలని, గొంతుకి మందేమైనా వేసుకున్నావా, జలుబు తగ్గలేదే అన్నాను.

“జలుబు గాదు సారూ” అన్నాడు. “అరిసి అరిసి పోయింది. మక్కజొన్న కంకి మీదుంది, పందులు దిగుతున్నయి. కుక్కలు లెవ్వు గద. రాత్రంత చేన్ల నేను, ఇగ ఇది, మేమే మొరుగుతున్నం.”

కన్నమ్మ అవునన్నట్టు తలూపింది. ఆమె గొంతు కూడా బొంగురుగానే ఉందని నాకప్పుడు తెలిసింది. పొద్దుటినుంచి వింటున్నాను, అరిచి అలిసిపోయిన గొంతులని తట్టలేదు.

“ఖమ్మం పోయి మళ్ళీ అర్జీ రాస్తాను సోమయ్యా. ఈసారి చేను సంగతే రాస్తాను, ఉన్నది ఉన్నట్టు.”

“వద్దు సారూ” అన్నాడు మెల్లగా. “నీకు కష్టం గాకుంటే ఒక నూనె డబ్బ పంపు. పదిహేను కిలోల రేకు డబ్బ, ఖాళీది. కొడితే మంచిగ మోగుతది.”

4.05కి కొత్తగూడెం బస్సు వచ్చింది. లడ్డూల పొట్లం కన్నమ్మ చేతిలో పెట్టి ఎక్కేశాను.

5.50కి కొత్తగూడెంలో దిగి మూడు మిర్చీ బండ్లు తిరిగితే ఒకచోట డబ్బా దొరికింది. కడిగించి బస్టాండుకి తెచ్చాను. సోమయ్య ఊరి వైపు వెళ్ళే ఆఖరి బస్సు 6.30కి. నాకు ఫోన్ చేసిన కండక్టరే దాని మీద ఉన్నాడు.

ఇక్కడ ఒక మాట. ఆ పల్లెలకి మేలు చేద్దామని నా వెనక ఎవరైనా వెళ్ళేట్టయితే, బస్సు వేళలు పైన రాశాను, పనికొస్తాయి. నా మిగతా పనులేవీ చెయ్యకండి. నేను మంచి మనసుతోనే వెళ్ళాను. ఆ మంచి మనసుకి ఒక ఊరి కుక్కలన్నీ పోయాయి.

కండక్టరు డబ్బాని ఎత్తి ఊపి చూశాడు. “ఏం లేదు గద సారూ ఇండ్ల. ఉట్టి డబ్బకు లగేజి టికెట్ కొట్టాల్నా?”

“కొట్టు” అన్నాను. “సోమయ్య కుక్కల పని ఇక ఇదే చెయ్యాలి.”

అతను టికెట్టు కొట్టలేదు. డబ్బాని డ్రైవరు వెనక నిలబెట్టి, దొర్లకుండా తన సంచి ఆనించాడు. నేను పక్కనే ఉన్న ఖమ్మం బస్సెక్కి కూర్చున్నాను. వాళ్ళ బస్సు ముందు కదిలింది. గేటు దగ్గర గుంటలో పడినప్పుడు డబ్బా చప్పుడు నాదాకా వినిపించింది. బాగానే మోగుతోంది. కానీ అది మోగాలంటే సోమయ్య మేలుకుని ఉండాలి.