మినుము నూర్చిన జీపు

కారణం విచారించకుండా పాత ఇంజనుకు ఆయువు తీరిందని తీర్పు చెప్పడం న్యాయమేనా? మిత్రుడు రహీం వాళ్ల జీపు చల్లపల్లి దారిలో ఎంత తొక్కినా వేగం అందుకోక నల్లపొగ కక్కింది. ఇంజను పోతే బండి అమ్మేస్తానని వాళ్ల నాన్నగారు ముందే చెప్పారు.

కోసిన మినుమును రోడ్డంతా పరిచి, వచ్చిపోయే బండ్లతో నూర్పిడి చేయించుకుంటున్న ఒక మహిళారైతు దగ్గర ఆగాం.

"రోడ్డేమైనా మీ కళ్లమా అండీ?" అన్నాను.

"కళ్లమే బాబూ, మీ జీపు మాకు కూలి!" అని ఆమె నవ్వి, జీపు కక్కుతున్న నల్లపొగ చూసింది. "దారి పొడుగునా ఇట్టాగే తొక్కుకొచ్చారుగా, పొట్టు ఎయిర్ ఫిల్టర్లో కూరుకునుంటది. మా పంట నూర్చిన బండికి దులిపి పంపడం మా ఊరి పద్ధతి."

ఆమె ఫిల్టరు విప్పి పొట్టు దులిపాక జీపు ముందుకురికింది. రహీం ఈల వేశాడు.

మీరూ ముందు ఫిల్టరు విప్పి చూడండి, ఆ తర్వాతే అమ్మకం మాట ఎత్తండి.