ఉప్పు చల్లిన ఐసు పెట్టె

మా వీధి మాస్టారు పోయారని సోమవారం పొద్దున గిలకలదిండి చేపల రేవులో సరుకు తూకం వేయిస్తుండగా తెలిసింది. బందరు ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మందుల చీటీ పట్టుకుని ఎవరు గుమ్మం ఎక్కినా ముందు "ఏమైనా తిన్నావా?" అని అడిగేవారు. చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుని చీటీ రెండుసార్లు చదివేవారు. "మందు మంచిదైతే సరిపోదమ్మాయ్, ఎక్కడ దిగాలో దానికి తెలియాలి" అనేవారు. నేను నవ్వేదాన్ని.

కరోనా తగ్గాక, నాతో కలిసి చేపల వ్యాపారం చేసే మా అన్నయ్యకు బ్లాక్ ఫంగస్ వచ్చింది. ఎడమ కన్ను ఉబ్బిపోయింది. షుగరుతో కిడ్నీలు అప్పటికే అంతంతమాత్రం. మామూలు మందు వాటిని దెబ్బతీస్తుందనీ, సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టిన మందైతే ఎక్కువగా ఫంగస్ ఉన్నచోటికే చేరుతుందనీ మాస్టారే చెప్పారు. బందరంతా తిరిగినా దొరకలేదు. చివరికి గుడివాడలో ఆయన శిష్యుడి షాపులో నాలుగు సీసాలు దొరికాయి. తేవడానికి నేను వెళ్లాను.

"చల్లగా ఉంచి తీసుకురా" అన్నారు ఫోన్లో. ఐసు సంగతి నాకు ఒకరు చెప్పాలా! చేపల పెట్టెలో సీసాలు పెట్టి, ఐసు దట్టించి, ఇంకా చల్లబడాలని పైన ఉప్పు చల్లాను.

ఆసుపత్రి మెట్ల మీద మాస్టారు మూత తీశారు. నాలుగూ గడ్డకట్టాయి.

"కరిగితే అదే మందు కదండీ?"

"మందు అదేనమ్మా. మోసే బుడగలు పగిలిపోయుంటాయి. ఇప్పుడెక్కిస్తే కిడ్నీల మీద పడుతుంది."

"కన్ను పోతుంది మాస్టారూ, ఇచ్చెయ్యండి!" అని పెట్టె లాక్కోబోయాను. ఆయన వదల్లేదు. అన్నయ్య ఇవాళ తిరుగుతున్నాడంటే ఆ పట్టు వల్లేనని నమ్ముతాను.

లోపలికెళ్లి డాక్టరుగారితో, వదినతో "ప్యాకింగులో నాదే పొరపాటు" అన్నారు. నేను తలుపు పక్కనే నిలబడి విన్నాను.

కొత్త సీసాలకు రెండు రోజులు పట్టింది. అన్నయ్య బతికాడు, కన్ను తీసేశారు. ఆ రెండు రోజుల వల్లేనా అంటే డాక్టర్లు చెప్పలేమన్నారు. అన్నయ్యకు మాత్రం అనుమానమే లేదు. మాస్టారు ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాడు. నిజం చెప్పేస్తానంటే ఆయనే, "మీరిద్దరూ కలిసి వ్యాపారం చేసుకోవాలి, ఊరుకో" అనేవారు. హాయిగా ఊరుకున్నాను. ఇన్నేళ్లూ నన్ను కాపాడింది ఆయన మంచితనం, ఆపింది నా పిరికితనం.

ఆ సోమవారమే అన్నయ్య నన్ను బండి మీద తీసుకొచ్చి మాస్టారి గేటు దగ్గరే ఆగిపోయాడు. "నువ్వెళ్లి రా. నా కన్ను తీసిన మనిషిని నేను చూడను."

"ఆయన కాదన్నయ్యా. ఐసు పెట్టింది నేను. ఆయన తన మీద వేసుకున్నారు."

ఉన్న ఒక్క కంటితో నన్ను చూశాడు. చెప్పులు విడిచి లోపలికెళ్లి, మాస్టారి పాదాల మీద తల పెట్టాడు. నేను గేటు దాటలేకపోయాను.