అమ్మ వైపు నుంచి వచ్చిన బట్టతల
అరవయ్యో దశకం మొదట్లో, ఇరవై రెండేళ్లకే నా నుదుటి పైన జుట్టు పలచబడింది. యాభై దాటినా మా బాపుది, అంటే నాన్నది, ఒత్తయిన జుట్టే. నల్గొండ దవాఖానలో డాక్టరు నా తల చూసి, "మీ మేనమామకు బట్టతల ఉన్నదా?" అని అడిగాడు. ఉందన్నాను.

"తల్లి దిక్కుకెల్లి గూడ వస్తది. దీనికి మందు లేదు. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే అమ్మ చిన్నబోయింది. "నా జడ నడుము దాటి ఉంటది. నాకు లేనిది నేను నీకెట్ల ఇచ్చినరా?" అంది.

నాకూ అర్థం కాలేదు. డాక్టరు అబద్ధం చెప్పడు, అమ్మ జడా అబద్ధం కాదు. మర్నాటి నుంచి ఆమె గుంటగలగరాకు నూరి, నూనెలో కాచి నా తలకు పట్టించింది. మూడేళ్లలో జుట్టంతా పోయింది. అన్నాళ్లూ నేను తల వంచి కూర్చున్నది ఆ నూనె మీద నమ్మకంతోనో, ఆమె మనసు కుదుటపడాలనో ఇప్పటికీ తేల్చుకోలేను.