పాస్‌పోర్టులో సింగపూరు ముక్కు

ఒక సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా డైరీకి కూడా చెప్పలేదు. ఆ డైరీకేమో నేను ఏ పూట ఎన్ని అట్లు తిన్నానో కూడా తెలుసు. కాలేజీ రోజుల్లో మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నప్పుడు నేను మిద్దెమీదికి పోయి, తీగ మీద నుంచి ఒక బట్టల క్లిప్పు తీసి ముక్కుకు పెట్టుకొని కూర్చునేదాన్ని. చేతిలో నవల, ముక్కుకు క్లిప్పు, ఊపిరి నోటితో. ముక్కు సన్నబడలేదు కానీ నవలలు మాత్రం చాలా పూర్తయ్యాయి.

ఆ క్లిప్పుతో మొదలైన వ్యవహారం మీనంబాకం విమానాశ్రయంలో, మా వాళ్ళందరి ముందూ, ఎంత ఘోరంగా ముగిసిందో ఇప్పుడు చెప్తాను. మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజు నవ్వనివాళ్ళే తక్కువ.

మాది మద్రాసులో వాషర్‌మెన్‌పేట్. నాయనది ఇంగువ టోకు వ్యాపారం. మా ఇంటి ముక్కు గురించి ముందే చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. వానలో గొడుగు పట్టుకొని నడిచినా మాకు ముక్కు తడుస్తుంది. ఐస్‌క్రీం తింటే మొదటి రుచి ముక్కుదే. మా తాతా అవ్వా మేనరికం కాబట్టి రెండు వైపుల నుంచీ ఒకే ముక్కు వచ్చి కలిసింది. అన్నకు ఎలాగో తప్పింది. వాడి వాటా కూడా నాకే వచ్చిందని నా అనుమానం.

ఆ ముక్కుకు కొట్లో మాత్రం గొప్ప మర్యాద. నాయనకు జలుబు చేస్తే ఇంగువ ముద్ద తెచ్చి నా ముందు పెట్టేవాడు.

"చూడు పాపా, దీంట్లో పిండి ఏమన్నా ఎక్కువ కలిపినాడా?"

వాసన చూసి తల ఊపేదాన్ని. అంతే, సరుకు వెనక్కి. అయితే పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళు ఇంగువ వాసన చూడమని అడగరు కదా! నాకసలే సిగ్గు. బస్సులో టికెట్ అడగడానికి కూడా ఇంటి దగ్గరే రిహార్సల్ వేసుకునేదాన్ని. అలాంటిదాన్ని, నాకంటే ముందు నా ముక్కు అందరినీ పలకరిస్తుంటే ఎలా తట్టుకోను?

ఊరి పేరు మద్రాసు నుంచి చెన్నైగా మారిన కొత్తల్లో సింగపూరు నుంచి మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, ఫోన్ చేసింది. పిన్నిది అమ్మ వైపు ముక్కు, చిన్న సంపెంగ మొగ్గ.

"ఈడకి రావే. నాకు తెలిసిన ముక్కు డాక్టరుండాడు. సగం పూట పని. ఖర్చు నాది, నీ పెళ్ళి కానుకనుకో. ఊరు చూసేదానికని చెప్పి రా."

ఫోన్ పక్కనే నాయన కూర్చుని ఉన్నాడు. "ఊ" అన్నాను.

"సంతోషమేనా?"

"ఊఊ!"

"ఒక్క మాట. మా ఆఫీసులో ఒకామె ఇట్లనే చేయించుకుని వాళ్ళూరికి పోతే, ఫోటోలో ముక్కు వేరే, మొగంలో ముక్కు వేరే అని ఏర్‌పోర్టులో నిలబెట్టేసినారు. జాగర్త."

ఆ రోజంతా నా కాళ్ళు నేలమీద లేవు. ఊరే పేరు మార్చుకుంటే నేను ముక్కు మార్చుకోకూడదా? కానీ పిన్ని చెప్పిన ఆ ఒక్క మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. నవలలు చదివిన బుర్ర కదా, ఊరుకోదు. తిరిగి వచ్చేటప్పుడు నాకు కొత్త ముక్కు ఉంటుంది. కాబట్టి పాస్‌పోర్టు ఫోటోలో కూడా కొత్త ముక్కే ఉండాలి. పాస్‌పోర్టుకు ఇంకా అప్లై చెయ్యనే లేదు. నా ముందుచూపుకు నేనే మురిసిపోయాను. పాఠకులారా, ఈ ఉపాయంలో ఉన్న బొక్క మీకు ఇప్పటికే కనిపించి ఉంటుంది. నాకు నెలన్నర కనిపించలేదు.

మా వీధిలో మూర్తిగారి స్టూడియో ఉండేది. ఆయన సినిమాల్లో స్టిల్స్ తీద్దామని ఆంధ్ర నుంచి వచ్చి, పెళ్ళిచూపుల ఫోటోల దగ్గర స్థిరపడ్డాడు. నెగెటివ్ మీద ఆయన పెన్సిల్ తగిలిందా, మొటిమలు మాయం, గడ్డం కింద గడ్డం మాయం. మా పేటలో చాలామంది పెళ్ళికొడుకులకు అసలు నిజం పీటల మీదే తెలిసేది. అదేం మోసం కాదు. రెండు వైపులా అందరూ చేయించేదే, పట్టుచీర కట్టినట్టు.

"పెళ్ళిచూపులకేనా అమ్మాయిగారూ?" అన్నాడాయన.

తల ఊపాను.

"ఏం సర్దమంటారు?"

వేలితో ముక్కు చూపించాను.

"కొంచెమా?"

అడ్డంగా తల ఊపాను.

"మొత్తమా!" ఆయన చేతులు రుద్దుకున్నాడు. "చాన్నాళ్ళకి నా స్థాయి పని వచ్చిందండీ. ఎలాంటిది కావాలో చెప్పండి."

"సంపెంగ మొగ్గలాగా," అన్నాను గొంతు తగ్గించి. "చిన్న సైజు ఫోటోలు కావాలి."

"చిన్నవెందుకండీ?"

"సంబంధం దూరందండీ."

ఆయన ఇంకేం అడగలేదు. వారం తర్వాత ఫోటో చేతికి వచ్చినప్పుడు చూసి నేనే సిగ్గుపడ్డాను. ఎంత అందమైన అమ్మాయి! ట్రావెల్ ఏజెంటు గుమాస్తా ఆ ఫోటోలు కాగితాలకు అంటించాడు, నా వైపు తల ఎత్తనే లేదు. పాస్‌పోర్టు వచ్చాక దాన్ని కోడిపిల్లను దాచినట్టు దాచాను. నాయన చూపించమంటే "పెట్టెలో అడుగున పెట్టేసినా నాయనా" అనేదాన్ని.

ప్రయాణం రోజు మా వాళ్ళు ఒక వ్యాను నిండా వచ్చారు. మా ఇంట్లో విమానం ఎక్కే మొదటి మనిషిని నేనే. అమ్మ నా మెళ్ళో దండ వేసింది. అవ్వ పిన్నికిమ్మని అరకేజీ ఇంగువ నా చేతిసంచిలో కుక్కింది. ఈ ముక్కుతో కలిసి ఇదే నా ఆఖరి ప్రయాణం అనుకుంటూ, నవ్వాపుకుంటూ లోపలికి పోయాను.

కౌంటర్లో ఆఫీసరు పాస్‌పోర్టు తెరిచాడు. నన్ను చూశాడు. మళ్ళీ పాస్‌పోర్టు చూశాడు.

"ఇదు యారుమ్మా?" అన్నాడు. ఇదెవరు అని.

"నేనే సార్."

"ఆ పక్కకి తిరుగు."

తిరిగాను. దాంతో నాకున్న కాస్త ఆశా పోయింది.

"మీ అక్క పాస్‌పోర్టా?"

"నాకు అక్క లేదు సార్."

"బయట మీవాళ్ళెవరన్నా ఉన్నారా?"

లేరని చెప్పే వీలుందా? అద్దాలకు అవతల ఒకే రకం ముక్కులు వరసగా ఆనించి నిలబడి ఉన్నాయి. ఆఫీసరు మనిషిని పంపి నాయననూ అవ్వనూ లోపలికి పిలిపించాడు. నన్నొక స్తంభం వెనక నిలబెట్టి, ముందు పాస్‌పోర్టు నాయన ముందు పెట్టాడు.

"ఈ అమ్మాయి మీకు తెలుసా?"

ఇంగువలో కూడా అబద్ధం కలపని మనిషి మా నాయన. కళ్ళు చికిలించి చూశాడు. "తెలీదు సార్. ఎప్పుడూ చూళ్ళేదు."

అవ్వ పాస్‌పోర్టు లాక్కుని కళ్ళద్దాలు సర్దుకుంది. "అబ్బ, ఎంత లక్షణంగా ఉండాదిరా! ఏ ఊరంట? మనోళ్ళేనా? అడగరా, మన శీనుగాడికి చూడొచ్చు."

శీనుగాడంటే మా అన్న. నాకు నేనే వదిననైపోతున్నానని కంగారుపడి స్తంభం పక్క నుంచి బయటికి వచ్చేశాను.

"అవ్వా, అది నేనే!"

"నువ్వా? నీ ముక్కేదే?"

"ఇప్పటి నేను కాదవ్వా. వచ్చే నెల నేను."

ఇక దాచేందుకు ఏముంది? పిన్ని, డాక్టరు, మూర్తిగారి పెన్సిలు, అన్నీ కక్కేశాను. "తిరిగొచ్చేటప్పుడు ఆపకూడదని ముందే ఈ ఫోటో పెట్టించినా సార్."

"సెరి. పొయ్యేటప్పుడు?" అన్నాడు ఆఫీసరు.

"పొయ్యేటప్పుడు..." ముక్కు తడుముకున్నాను. "పోతామనేవాళ్ళని గూడా చూస్తారని తెలీదు సార్."

ఆఫీసరు నవ్వాపుకోలేక కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. పక్క కౌంటర్లవాళ్ళు ముద్రలు వెయ్యడం ఆపేశారు. "ఫోటోకి తగ్గ ముక్కుతో రా, లేదంటే ముక్కుకి తగ్గ ఫోటోతో రా. రెంట్లో ఏదో ఒకటి చెయ్యమ్మా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. ఆ ముక్కేమో సింగపూరులో ఉంది. సింగపూరుకు పోవాలంటే ఆ ముక్కే కావాలి. విమానం నేను లేకుండానే, నా ముక్కు లేకుండానే, వెళ్ళిపోయింది.

అవ్వ అందరికీ వినబడేలా తిట్టింది. "ముక్కు మార్చేదేందే! దేవుడిచ్చిందాన్ని మార్చేదానికి వాడెవడే, నువ్వెవతివే!"

నాయన ఒక్కడే నవ్వలేదు, తిట్టలేదు. పాస్‌పోర్టు మూసి నా చేతికిచ్చాడు. "మన ముక్కుకేమైంది పాపా? కొట్టు శీనుగాడికి, ముక్కు నీకు అనుకుంటా ఉంటి. సరిగ్గానే పంచినాననుకుంటి."

అప్పుడు ఏడుపొచ్చింది. మా ముక్కుతో ఏడిస్తే దాపరికం ఉండదు. ఊరికి ఆ చివరనున్న తిరువొత్తియూరు దాకా ఎర్రగా కనిపిస్తుంది.

వ్యాను ఇంటిదారి పట్టింది. ఒళ్ళో సింగపూరు చూడని అరకేజీ ఇంగువ. దానిమీద చెయ్యి పెట్టి మనసులోనే ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంకా రాని ముక్కుకు ముందుగా ఫోటో తీయించను. నాకున్న ముక్కును నేను కాదనను, ఇతరుల చేత కాదనిపించను. పోయేవాళ్ళను ఎవరూ చూడరని ఎన్నడూ అనుకోను. క్లిప్పులు బట్టలకే వాడతాను.

ప్రమాణం ముగించి ముక్కు తుడుచుకుంటుంటే పక్కనే కూర్చున్న అవ్వ మోచేత్తో పొడిచింది. ముందు సీట్లో ఉన్న నాయన వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నా చెవి దగ్గరికి వంగింది.

"మీ నాయనకి చెప్పబాక. ఆ డాక్టరు నా వయసోళ్ళకి గూడా చేస్తాడంటనా?"