పొడి తువ్వాలు

తక్ మాన్‌సిక్‌కి పెళ్ళాం మీద అనుమానం మొదలైంది తువ్వాలు దగ్గర.

ఆదివారం మధ్యాహ్నం ఒక్‌బున్ స్నానశాలకి పోతుంది. హేపో రేవులో ఆడవాళ్ళందరికీ అది అలవాటే. వారానికోసారి ఆ వేణ్ణీళ్ళ తొట్లలో కూర్చుని ఒంటి మీద మురికీ ఊళ్ళో మురికీ కలిపి వదిలించుకుని, సాయంత్రానికి ఎర్రటి మొహాలతో ఇళ్ళకి చేరతారు. ఆ రోజు ఒక్‌బున్ కూడా ఎర్రటి మొహంతోనే వచ్చింది. ప్లాస్టిక్ బుట్ట గుమ్మంలో పెట్టి వంటింట్లోకి పోయింది. మాన్‌సిక్ అప్పుడే మ్యాచి చూసి వచ్చి, బూట్లు విప్పుతూ ఊరికే బుట్టలో చెయ్యి పెట్టాడు. తువ్వాలు పొడిగా ఉంది. సబ్బు కూడా పొడిగానే ఉంది.

ఇంకొకడైతే పట్టించుకునేవాడు కాదు. మాన్‌సిక్ తాళాలవాడు. ముప్పై ఐదేళ్ళుగా రైలు స్టేషను ముందు రేకు కొట్లో తాళంచెవులు కోసి బతుకుతున్నాడు. తాళం పోయిందని వచ్చేవాళ్ళలో సగం మంది అబద్ధాలకోర్లని అతని గట్టి నమ్మకం. బావమరిది బీరువా తెరిపించుకునేవాడూ, మొగుడి సొరుగు తెరిపించుకునేదీ, అందరూ అతని బల్ల ముందు నించుని నవ్వు మొహం పెట్టినవాళ్ళే. వాళ్ళని చూసీ చూసీ మనిషికి లోకమంతా దొంగే అయిపోయింది. పళ్ళ డాక్టరు బాగున్న పన్ను పీకాడంటాడు. ఇస్త్రీ చేసే ముసలాయన తన జెర్సీ కొట్టేశాడని పదేళ్ళుగా ఆయనతో మాటల్లేవు. అది మామూలు జెర్సీ కాదు లెండి, నీటికాకులు కప్పు గెలిచిన ఏడాదిది.

నీటికాకులు అంటే హేపో బేస్‌బాల్ జట్టు. ఈ లోకంలో మాన్‌సిక్ నమ్మినది దాన్నొక్కదాన్నే. ఎందుకు నమ్మాడో నన్నడక్కండి. పుట్టిన దగ్గర్నుంచి ఆ జట్టు కప్పు గెలిచింది ఒకే ఒక్కసారి, ఓడినవి మాత్రం లెక్కకి అందవు. అయినా సొంతూళ్ళో ఆట ఉందంటే మాన్‌సిక్ కొట్టు మూసేస్తాడు. మూడో బేసు పక్కన పన్నెండో వరస, పక్క సీటులో చేపముద్దల కొట్టు నడిపే చొల్‌గు. చొల్‌గు రెండేళ్ళు చిన్నవాడు, పెళ్ళాం పోయింది, నోట్లో మాట దాగదు. కనీసం మాన్‌సిక్ అలాగే అనుకునేవాడు.

ఒక్‌బున్ ఆటకి రాదు. రాదంటే, రానివ్వడు. ఆ కథ ఊళ్ళో అందరికీ తెలుసు, ఎందుకంటే రెండు గ్లాసులు పడ్డప్పుడల్లా మాన్‌సిక్కే చెప్తాడు. పెళ్ళైన ఏడాది నీటికాకులు ఫైనల్ దాకా వెళ్ళారు. ఆఖరి మ్యాచికి కొత్త పెళ్ళాన్ని వెంటేసుకుని పోయాడు. ఆవిడ పొద్దున్నే లేచి అన్నం చుట్టలు చుట్టి డబ్బా నిండా సర్దుకొచ్చింది. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా మనదే పైచెయ్యి. ఇంకొక్కడు అవుటైతే కప్పు మనది. ఒక్‌బున్ ఆనందం పట్టలేక లేచి నించుంది. సరిగ్గా అప్పుడే మనవాడు చేతిలో పడ్డ బంతి జారవిడిచాడు. ఆట పోయింది. ఆ దేశంలో అలాంటి మనిషికి ఓటమి దేవకన్య అని ముద్దుపేరు, మన భాషలో ఐరన్ లెగ్. మాన్‌సిక్ స్నేహితులందరి ముందూ ఆ మాట అనేశాడు. నువ్వు ఇంకెప్పుడూ ఇటు రాకు అన్నాడు. ఆవిడ కిందపడ్డ అన్నం చుట్టలు ఏరుకుని డబ్బా మూసుకుంది. మరుసటేడు ఆవిడ ఇంట్లో ఉంది, నీటికాకులు కప్పు గెలిచారు. ఇంకేం, రుజువైపోయింది. ముప్పై మూడేళ్ళుగా ఆ రుజువు మీద పైకోర్టుకి పోయినవాళ్ళు లేరు.

అలాంటి ఒక్‌బున్ ఆదివారం పూట ఎక్కడికి పోతోంది? మాన్‌సిక్‌కి ఆ వారమంతా అదే ధ్యాస. తాళంచెవి కోస్తూ రెండు సార్లు వేలు కోసుకున్నాడు. ఒక్‌బున్ వెళ్ళిపోతే తనకి ఇల్లు లేదు, ఆ సంగతి అతనికి బాగా తెలుసు. తిన్నదేంటో కూడా ఆవిడ చెప్తేనే తెలుసుకునే రకం. అయినా ఎదురుగా అడగలేదు. అడిగితే అబద్ధం చెప్తుంది, చెప్తే నమ్మాల్సొస్తుందని భయం.

మరుసటి ఆదివారం ఆవిడ చూడకుండా తువ్వాలు మడతలో ఒక నల్లదారం పెట్టాడు. సాయంత్రం చూస్తే దారం పెట్టినచోట పెట్టినట్టే ఉంది.

అన్నం తింటూ, "నీళ్ళు వేడిగా ఉన్నాయా ఇవాళ?" అని అడిగాడు.

"సలసలా కాగుతున్నాయి. వీపు ఊడొచ్చిందనుకోండి," అంది ఒక్‌బున్, ముల్లంగి ముక్క కొరుకుతూ. కన్ను కూడా ఆర్పలేదు.

అనుమానం పెనుభూతం అన్నారు గానీ, భూతమైతే రాత్రిపూటే వస్తుంది, ఇది మిట్టమధ్యాహ్నం కూడా పట్టుకునే ఉంది. ఆవిడ కూరలకి పోయినప్పుడల్లా మాన్‌సిక్ ఇల్లంతా వెతికాడు. ఊళ్ళోవాళ్ళ తాళాలన్నీ తెరిచే మనిషికి సొంతింట్లో తెరవడానికి ఒక్క తాళం కూడా దొరకలేదు. ఆఖరికి డాబా మీద దొరికింది. పచ్చళ్ళ జాడీల వరసలో చివరిది ఖాళీ అని ఆవిడ ఎప్పుడూ చెప్పేది. మూత తీస్తే అడుగున గుడ్డలో చుట్టిన ఏడు బేస్‌బాల్ బంతులున్నాయి. అన్నిటికీ మట్టి మరకలు, ఒక్కోదాని మీద ఒక్కో తేదీ. ఫోన్లో కేలెండరు చూశాడు. ఏడూ ఆదివారాలే.

అక్కడే జాడీ పక్కన కూలబడ్డాడు. ముప్పై మూడేళ్ళు మూడో బేసు పక్కన కూర్చున్నా అతని చేతికి జనం మధ్యకి ఎగిరొచ్చే బంతి ఒక్కటి కూడా చిక్కలేదు. దొరికినవాడు దాన్ని ప్రాణంలా దాచుకుంటాడు గానీ ఇంకొకరికి ఇవ్వడు. అలాంటివి ఏడు ఇచ్చాడంటే వాడికి ఈవిడంటే ఎంతుండాలి! వాడు ఆటకొచ్చేవాడే అయ్యుండాలి. ఆదివారం ఆటకొచ్చి, మధ్యలో మాయమయ్యేవాడు.

అప్పుడు గుర్తొచ్చాడు చొల్‌గు. ఆదివారం ఆదివారం ఆరో ఇన్నింగ్స్‌లో వాడు లేచిపోతాడు. ఒంటేలుకి అంటాడు. ఒంటేలుకి పోయేవాడు చేతిలో వేడి చారు గిన్నె ఎందుకు పట్టుకుపోతాడు? అదేంటో ఇన్నాళ్ళూ కంటి ముందే ఉన్నా కనపడలేదు. అందరి తాళాలూ అనుమానించాడు గానీ, పక్క సీటువాణ్ణి మాత్రం చూడలేదు.

సీజన్లో చివరి ఆదివారం వచ్చింది. ఆ ఆట గెలిస్తే నీటికాకులు పదకొండేళ్ళ తర్వాత పై పోటీలకి వెళ్తారు. ఊరు ఊరంతా నల్లచొక్కాలేసుకుని స్టేడియంలోనే ఉంది. మాన్‌సిక్‌కి ఆట మీద కన్ను లేదు. ఆరో ఇన్నింగ్స్‌కి మనవాళ్ళది ఒక పరుగు, రాజధాని సియోల్ నుంచి వచ్చినవాళ్ళవి నాలుగు. మనవాళ్ళు బ్యాటింగుకి దిగుతున్నారు.

చొల్‌గు లేచాడు. చేతిలో చేపముద్దల చారు గిన్నె, దానిమీద అట్టముక్క మూత. "ఇప్పుడే వస్తానన్నా," అన్నాడు.

మాన్‌సిక్ యాభై లెక్కపెట్టి వెనకే బయల్దేరాడు. ముప్పై మూడేళ్ళలో ఆట మధ్యలో లేవడం అదే మొదటిసారి. చొల్‌గు మరుగుదొడ్డి దాటిపోయాడు. గేటు కూడా దాటి స్టేడియం వెనక్కి తిరిగాడు. ఎడమ పక్క ప్రహరీ అక్కడ పొట్టిగా ఉంటుంది, పక్కనే చేపలకి ఐసు మోసే లారీలు నిలిపే సందు. మాన్‌సిక్ ఒక లారీ చాటున ఆగాడు. తల ఇంత బయటికి పెట్టి చూశాడు.

గోడకి ఆనుకుని, అట్టపెట్టె విప్పి పరుచుకుని, దానిమీద కూర్చునుంది ఒక్‌బున్. నెత్తిన నీటికాకుల టోపీ, చెవిలో రేడియో తీగ, పక్కన స్నానం బుట్ట. ఒంటి మీద, ఇస్త్రీ ముసలాయన కొట్టేశాడన్న జెర్సీ. మొహం ఎండకి కందిపోయి ఎర్రగా ఉంది.

"రేడియోవాడు చెప్పనివి చెప్పు," అంటోంది చొల్‌గుతో, గిన్నె అందుకుంటూ.

"ఏడోదాంట్లో బంతి విసరడానికి కొత్త కుర్రాణ్ణి సిద్ధం చేస్తున్నారు వదినా."

"ఆ కుర్రాడొద్దు. వాడికి జనాన్ని చూస్తే భుజం బిగుసుకుంటుంది. ఎడమచేతివాడున్నాడుగా, వాణ్ణి దాచుకుని ఆ కోచి ఏం చేసుకుంటాట్ట? ఊరగాయ పెడతాడా?"

మాన్‌సిక్ లారీ చాటునుంచి బయటికొచ్చాడు. చొల్‌గు మొహం పాలిపోయింది. తొమ్మిదేళ్ళ కింద సిగరెట్టుకని ఇటొస్తే వదిన కనపడిందనీ, బోమి మీద ఒట్టు వేయించుకుందనీ నసిగాడు. బోమి అంటే వీళ్ళ కూతురు. ఆ పిల్ల మీద ఒట్టేశాక చొల్‌గు ఎలా చెప్తాడు పాపం? ఆ మాటతోనే వచ్చిన దారిన జారుకున్నాడు. గోడ అవతల జనం ఒక్కసారి హోరెత్తారు.

"మూడు-నాలుగు," అంది ఒక్‌బున్, చెవి తీగ నొక్కుకుని. తర్వాత మొగుణ్ణి చూసి, "కూర్చోండి, నించుంటే లారీలవాళ్ళు తిడతారు," అంది.

కూర్చున్నాడు. "ఆ బంతులు..." అన్నాడు చివరికి.

"గోడ దాటొచ్చాయి. ఏడేగా. ఇంకో మూడిటిని లారీ కుర్రాళ్ళు ఎత్తుకుపోయారు."

"ఇంట్లో టీవీ ఉంది కదే."

"టీవీలో ఈ గోడ అదరదు." ఒక్‌బున్ వెనక్కి ఆనుకుంది. "లోపలికొస్తే ఓడిపోతారన్నారు. సరే, రాలేదు. బయట కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కప్పు గెలిచిన రోజు కూడా ఇక్కడే ఉన్నాను. ఇక్కణ్ణుంచైతే నా కాలు వాళ్ళకి తగలదని అప్పుడే తెలిసింది."

కప్పు గెలిచిన రోజు ఆవిడ ఇంట్లో ఉందనే కదా మాన్‌సిక్ రుజువంతా. పన్నెండో వరసలో తాను ఎండకి గొడుగూ చల్లటి బీరూ పెట్టుకుని కూర్చున్న ముప్పై మూడేళ్ళూ, ఈవిడ గోడ వైపు వీపు పెట్టి, ఒక్క బంతి కూడా కళ్ళారా చూడకుండా కూర్చుంది. అతనికి సిగ్గేసింది. అదే మొదటిసారేమో కూడా, ఎందుకంటే దాన్ని ఏం చేసుకోవాలో తెలీక బుట్టలోని తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. పొడి తువ్వాలు గరగరలాడింది.

గోడ అవతల ఈసారి భూమి అదిరింది. ఒక్‌బున్ మోకాళ్ళ మీదకి లేచి రెండు చేతులూ చెవి మీద పెట్టుకుంది.

"ఐదు-నాలుగు! మనదే పైచెయ్యి!" అని మొగుడి భుజం మీద ఒక్కటేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లిగా అతని వైపు తిరిగింది. తాళంచెవి కోసేముందు మాన్‌సిక్ గిరాకీ మొహం వంక ఎలా చూస్తాడో, అచ్చం అలాగే చూసింది.

"మీరు లేచి వచ్చేటప్పటికి ఎంతుంది?"

"ఒకటి-నాలుగు."

"మీరు బయటికొచ్చాక?"

మాన్‌సిక్ తువ్వాలు మడతపెట్టడం మొదలెట్టాడు.

"నాలుగు పరుగులు," అంది ఒక్‌బున్. "ఈ సీజన్లో ఒక్క ఇన్నింగ్స్‌లో నాలుగెప్పుడైనా కొట్టారా? మీ మోకాలికి ఆపరేషనై ఆసుపత్రిలో పడుకున్న వారం ఎన్ని గెలిచారో గుర్తుందా? మూడుకి మూడు."

"అది కాకతాళీయమే," అన్నాడు మాన్‌సిక్ నీరసంగా.

"ఓహో. మరి పెళ్ళైన ఏడాది నేను లేచి నించున్నప్పుడు ఆ మాట నోటికి రాలేదేం?"

మాన్‌సిక్ గుండె అడుగున ఎక్కడో ఒక పురుగు తొలుస్తోంది. ఓడిన ఆటలన్నీ ఒకటొకటిగా కళ్ళ ముందు తిరిగాయి. ప్రతిదాంట్లోనూ పన్నెండో వరసలో ఒకే ఒక మనిషి ఉన్నాడు. అందరినీ అనుమానించాడు. పళ్ళ డాక్టర్నీ, ఇస్త్రీ ముసలాయన్నీ, అంపైర్లనీ, కట్టుకున్నదాన్నీ. ఆ సీటులోవాణ్ణి మాత్రం ఎప్పుడూ అనుమానించలేదు.

ఒక్‌బున్ లేచి జెర్సీకంటిన దుమ్ము దులుపుకుంది. చెయ్యి చాపింది. "టికెట్టు ఇటివ్వండి."

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ చెవిలో తీగ పీకి అతని చెవిలో పెట్టింది. చారు గిన్నె అతని ఒళ్ళో పెట్టి, ఆట అయ్యేదాకా కదలొద్దని చెప్పింది.

"నువ్వెళ్తే ఓడిపోతేనో?" అన్నాడు. బెదిరించడానికి కాదు, నిజంగా భయమేసే అడిగాడు.

"ఓడిపోతే ఓడిపోనీ. ముందు చూడాలి కదా," అంది ఒక్‌బున్. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "పన్నెండో వరసేనా ఇంకా?"

"పన్నెండే. చొల్‌గు పక్కన."

ఆవిడ గేటు వైపు గబగబా నడిచింది, చివర్లో పరిగెత్తినంత పనిచేసింది. మాన్‌సిక్ అట్టముక్క మీద సర్దుకుని గోడకి వీపు ఆనించాడు. నిజమే, గోడ అదురుతుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో లోపలంతా ఒక్కసారి కెవ్వుమన్నారు. సంతోషమో, కొంప మునిగిందో తెలీలేదు. సరిగ్గా అప్పుడే రేడియో గరగరమంది. మాన్‌సిక్ ఆగలేక సగం లేచాడు. లేచినవాడు ఆవిడ చెప్పింది గుర్తొచ్చి, మళ్ళీ కూర్చున్నాడు.